ఆయనకు ఇష్టమైనవన్నీ

సిరిసిల్ల,
ఆగస్టు 20

చెన్నూరులో ఉన్న యాదవ్వ వదినకు మరదలు రోజారాణి శనార్థులు.

ఈ కాలంలో ఉత్తరం ఏమిటని నవ్వకు వదినా. ముప్పై ఏళ్లు సాంచెల చప్పుడులో బట్ట నేసి నేసి మీ తమ్ముడికి చెవులు మందగించాయని నీకు తెలుసు. మా ఇంట్లో ఫోన్ స్పీకర్ పెట్టకుండా మాట్లాడితే ఆయనకు అనుమానం, పెట్టి మాట్లాడితే వాడకట్టంతటికీ వినోదం. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను. అందులో వచ్చే ప్రతి మెసేజీ ముందు ఆయనే చదువుతాడు. ఇప్పుడు నేను చెప్పబోయేది ఆయన కంటా పడకూడదు, చెవినా పడకూడదు. పోస్టు వచ్చే వేళకు ఆయన సాంచెల దగ్గర ఉంటాడు కాబట్టి నువ్వు కూడా ఉత్తరమే రాయి.

మొన్న మా వాడలో రక్త పరీక్షలు చేశారు. ఆశ కార్యకర్త పద్మలత ఆ కాగితం తెచ్చి నా చేతికే ఇచ్చింది. మీ తమ్ముడికి షుగర్ బార్డర్‌లో ఉందట. ఇంకా రాలేదట, వచ్చేలా ఉందట. నేను ఒక్కదాన్నే డాక్టరు దగ్గరికి పోయి అడిగాను. రాత్రిపూట అన్నం మాన్పించు, పొద్దున నడిపించు, నవంబర్ 18న మళ్ళీ రక్తం చూద్దాం, అప్పటికి తగ్గితే గోలీలు కూడా అక్కర్లేదు అన్నాడు. ముందు మీ ఆయనకు చెప్పమ్మా అని కూడా అన్నాడు.

ఎలా చెప్పను? మీ బాపుకు షుగర్‌తోనే కాలు తీశారు కదా. అప్పటి నుంచి మీ తమ్ముడు ఆ మాట వింటే చేతిలో చాయ్ గ్లాసు కింద పెట్టేస్తాడు. ఆయనను షుగర్ ఏమీ చేయదు వదినా, ఆ మాటే చంపుతుంది. అందుకే అంతా బాగుందని చెప్పి కాగితం చీరల మధ్య దాచాను.

కానీ అన్నం ఎట్లా మాన్పించాలి? మొదటి రోజు రాత్రి రెండు జొన్నరొట్టెలు, బీరకాయ కూర పెట్టాను. చక్కగా తిని, చేయి కడుక్కోకుండా కూర్చున్నాడు. ఏమిటంటే, "ఇది మంచిగనే ఉన్నది, ఇగ బువ్వ పెట్టు" అన్నాడు. నాకు భయంగా ఉంది. ఏం వండాలో చెప్పు.

నీ మరదలు
రోజారాణి

తా.క.: బియ్యం డబ్బా కనబడితే అడుగుతాడని మంచం కిందికి జరిపాను. రోజూ దాని మీదే పడుకుని, ఇంట్లో బియ్యం అయిపోయినట్టున్నాయని బాధపడుతున్నాడు.


చెన్నూరు,
ఆగస్టు 26

నా మరదలు రోజారాణికి యాదవ్వ దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కూర్చుని చదివాను. భయపడకు అని రాయాలని ఉంది కానీ నాకే భయమేసింది. వాడికి చెప్పకపోవడం మంచిదే.

మా పక్కింటి గంగుబాయికి చాలా ఏళ్లుగా షుగర్. ఆమె ఏం తింటుందో నేను రోజూ చూస్తాను కాబట్టి వంట సంగతి నాకు వదిలేయి. అన్నం తీసేసి ఆ జాగా ఖాళీగా ఉంచావంటే మగవాడు ఇల్లంతా వెతుకుతాడు. కడుపు నిండాలి. సర్వపిండి బియ్యప్పిండితో కాకుండా పెసరపిండితో చెయ్యి. సొరకాయ తురిమి, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు బాగా వేసి, అడుగు ఎర్రగా అయ్యేదాకా కాల్చు. క్యాబేజీని మెతుకంత సన్నగా తరిగి, రెండు గుడ్లు కొట్టిపోసి వేయించు. పక్కన కోడి కందనకాయలు, కార్జాలు పెట్టు. దాని తర్వాత ఎవరూ అన్నం అడగరు.

ఒక పని చెయ్యి. కాగితం తీసుకుని వాడికి ఇష్టమైనవన్నీ రాసుకో. అన్నం ఒక్కటి వదిలెయ్యి. రోజుకొకటి వండు.

బాపు విషయంలో మేము ఇదే చేయలేదు. అన్నం తీసేశాం, తీపి తీసేశాం, బదులు ఏమీ పెట్టలేదు. మనిషి ఆశతో పోయాడు. నువ్వు అప్పుడు కొత్త కోడలివి, నీకు గుర్తుందో లేదో. మూడోనాడు పిట్టకు పెట్టినప్పుడు ఒక్క కాకి కూడా వాలలేదు. బాపుకు ఇష్టమైనవన్నీ కాగితం మీద రాసి, దగ్గరుండి వండించింది నీ మొగుడు దశరథమే. జిలేబీ ఒక్కటి రాయడం మరిచిపోయాడు. పరుగున పోయి తెచ్చి పెడితే అప్పుడు వాలింది కాకి. ఆ రోజు వాడు ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేదు. అందుకే చెప్తున్నాను, మనిషి బతికుండగానే పెట్టు.

నీ వదిన
యాదవ్వ

తా.క.: గంగుబాయి రోజూ పడుకునే ముందు కాళ్లు కడుక్కుని, అరికాళ్లు అద్దంలో చూసుకుంటుంది, ఎక్కడైనా పుండు పడిందేమోనని. ఎవరూ చూడకుండా చూసుకుంటుంది. నవ్వొస్తుంది, కానీ నవ్వను.


సిరిసిల్ల,
సెప్టెంబర్ 12

యాదవ్వ వదినకు శనార్థులు.

నువ్వు చెప్పినట్టే పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాను. పైన "ఆయనకు ఇష్టమైనవన్నీ" అని పెట్టి, కార్జాలు, చింతచిగురు బోటి, బొచ్చె చేప, ఎండు రొయ్యలు, సర్వపిండి, గుడాలు, అన్నీ రాశాను. ఇష్టమైనవి అన్నావు కాబట్టి, అబద్ధం ఎందుకని, చివర కల్లు కూడా రాశాను. అన్నిటికీ కింద "నవంబర్ 18 వరకు" అని పెద్ద అక్షరాలతో రాసుకున్నాను, అప్పటిదాకా నేను గట్టిగా ఉండాలని.

నీ సర్వపిండి మొదటి రోజే పనిచేసింది. "గిదేంది గింత మెత్తగున్నది" అన్నాడు కానీ మూడు తిన్నాడు. బోటి కూర రోజు గిన్నె కూడా తుడిచాడు. అన్నం అడగడం తగ్గింది. వారం రోజుల నుంచి అసలే అడగడం లేదు.

నా భయం అదే వదినా. వంక పెట్టడం మానేశాడు. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో ఉప్పు గురించో, కారం గురించో ఒక మాట అనకుండా కంచం ముందు నుంచి లేచిన రోజు లేదు. ఇప్పుడు కంచం పెట్టగానే అందులోకి చూస్తూ కూర్చుంటాడు. కళ్లు నీళ్లతో నిండుతాయి. మెల్లగా, ఒక్క ముక్క వదలకుండా తింటాడు. నిన్న చేప పెట్టాను. తిన్నాక నా చేయి పట్టుకుని, "నువ్వు మంచిగ వండుతవ్ రోజా" అన్నాడు.

నాకు చెమటలు పట్టాయి. షుగర్ తలకెక్కుతుందా?

నీ మరదలు
రోజారాణి

తా.క.: నేను రాసుకున్న కాగితం కనబడటం లేదు. పోపుల డబ్బా కింద పెట్టాను. ఎలుక ఎత్తుకుపోయి ఉంటుంది. ఇంకొకటి రాసుకున్నాను.


చెన్నూరు,
సెప్టెంబర్ 18

రోజారాణికి యాదవ్వ దీవెనలు.

మొగుడు వంటను మెచ్చుకుంటే దవాఖానా గుర్తొచ్చిన ఆడదాన్ని నిన్నే చూశాను. కళ్ల నీళ్లంటావా, కారం తగ్గించు. నీ చేతి కారం నాకు తెలుసు. దసరాకు వచ్చినప్పుడు నేను కూడా నీ కోడికూరకు ఏడ్చాను, దాన్ని ప్రేమ అనుకున్నావు.

అయినా నీకు రాయకుండా ఉండలేను. బాపు కూడా మొదట మాట తగ్గించాడు. అందుకని జర కనిపెట్టి చూడు. దప్పిక ఎక్కువైందా? ఊరికే అలిసిపోతున్నాడా? బట్టలు వదులవుతున్నాయా? షుగర్ బాగా పెరిగితే మనిషి తిన్నా చిక్కిపోతాడు. గంగుబాయి మొదట్లో అలాగే చిక్కింది. అందరూ సన్నబడ్డావని మెచ్చుకున్నారు. ఆమె నవ్వుతూ ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది.

రోజూ రాత్రి నానబెట్టిన మెంతులు పొద్దున తినిపించు. అడిగితే మోకాళ్లకు మంచిదని చెప్పు.

నీ వదిన
యాదవ్వ

తా.క.: బోటి అని, బొచ్చె చేప అని రాసిన కాగితాన్ని ఎత్తుకుపోయింది ఎలుక అయ్యుండదు, పిల్లి అయ్యుంటుంది.


సిరిసిల్ల,
అక్టోబర్ 7

యాదవ్వ వదినకు శనార్థులు.

నువ్వు రాసినవన్నీ జరుగుతున్నాయి. ప్యాంట్లు వదులయ్యాయి. బెల్టుకు మేకుతో కొత్త బెజ్జాలు పొడుచుకున్నాడు. చిక్కిపోతున్నావేమిటని అడిగితే, "టైం దగ్గర పడ్డది గద" అని పని మీదకు పోయాడు. సాంచెల టైం అనుకున్నాను. అప్పటికి ఇంకా గంట ఉంది.

పొద్దున ఐదింటికే లేచి ఎటో పోతున్నాడు. నడవమని నేను చెప్పలేదు, చెప్పే ధైర్యం నాకెక్కడిది? గంటన్నర తర్వాత చెమటతో వస్తాడు. వెనకింటి హనుమండ్లుతో గోడ తగాదా పడి ఆరేళ్లుగా మాటల్లేవు కదా. దసరా రోజు తానే పోయి జమ్మి ఆకు చేతిలో పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. హనుమండ్లు కూడా భయపడి, ఏమైందని నన్ను అడిగాడు.

ఇంకొకటి. కాకిని చూస్తే ఆగడం లేదు. మొన్న పెరట్లో కూర్చుని కార్జాలు తింటుంటే గోడ మీద కాకి వాలింది. చెప్పు తీసి కొట్టాడు. "ఇంక పోలే నేను, ఈడ్నే ఉన్న" అని దానితో అన్నాడు. కాకితో మాట్లాడాడు వదినా.

నిన్నటిది చెప్తే నమ్మవు. ఇస్త్రీ అంగీ వేసుకుని స్టూడియోకు పోయి ఫోటో దిగాడు. ఇంత పెద్దది కట్టించి తెచ్చాడు. గోడకు ఆనించి, దూరంగా నిలబడి, "మంచిగనే నవ్వుతున్న గద" అని నన్ను అడిగాడు. పెళ్లి ఫోటోలో నవ్వని మనిషి.

ఏం చేయను? పద్మలతను అడిగితే ముందుగానే రక్తం చూద్దాం అంటుంది. ఆయనకు సూది పొడవాలంటే కారణం చెప్పాలి.

నీ మరదలు
రోజారాణి

తా.క.: గంగుబాయి కాళ్లు ఎట్లా ఉన్నాయి? రాత్రి దీపం పెట్టినప్పుడు ఆమెకు కూడా దండం పెట్టుకున్నాను.


చెన్నూరు,
అక్టోబర్ 13

రోజారాణికి యాదవ్వ దీవెనలు.

ఇది మనసులోనే పెట్టుకోవాలనుకున్నాను, చేతకాలేదు. మనం ఇన్ని రోజులు తప్పు రోగానికి వండుతున్నామేమో.

పొద్దున్నే పోవడం, సన్నబడటం, కొత్త ఫోటో, నవ్వు, ఊరందరితో మంచిగా ఉండటం, పెళ్లాం వంటను మెచ్చుకోవడం. ఇవన్నీ షుగర్ గుర్తులు కావు. వాడు నా తమ్ముడు, వాడి గురించి ఇలా రాయడానికి నా చేయి రావడం లేదు. కానీ యాభై నాలుగేళ్లకు మగవాడికి బుద్ధి మారడం నేను ఈ ఊళ్లో రెండు ఇళ్లలో చూశాను. రెండు ఇళ్లలోనూ ఫోటోతోనే మొదలైంది. మీసాలకు రంగు వేస్తున్నాడా చూడు. ఒకరోజు వెనకాలే పో.

కాకి సంగతి మాత్రం నాకు అర్థం కాలేదు.

గంగుబాయి కాళ్లు బాగున్నాయి. నువ్వు అడిగావని చెప్పాను. ఆమెను అలా అడిగినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నీ వదిన
యాదవ్వ

తా.క.: నిజంగా అదే అయితే, కార్జాలు బంద్ పెట్టి వాడికి అన్నమే పెట్టు.


సిరిసిల్ల,
నవంబర్ 3

యాదవ్వ వదినకు శనార్థులు.

వెనకాలే పోయాను. మానేరు వంతెన దాటి తంగళ్లపల్లి దాకా నడిచాడు. చెప్పులు చేతిలో పట్టుకుని నేనూ నడిచాను. ఒక ఇంటి ముందు ఆగాడు. నా గుండె కూడా ఆగింది. తలుపు తీసింది ఒక ముసలాయన. మీ తమ్ముడికి సాంచె నడపడం నేర్పిన ఉస్తాద్. ఈయన వంగి ఆయన కాళ్లు మొక్కి, ఒక గ్లాసు నీళ్లు తాగి తిరిగొచ్చాడు. తర్వాత రోజు ఇంకొక ఊరు, ఇంకొక చుట్టం. ఆడమనిషి లేదు వదినా. ఉంటే బాగుండేదేమో అని కూడా ఒక క్షణం అనిపించింది, ఎందుకంటే వచ్చేటప్పుడు వంతెన మీద ఆగి చాలాసేపు నీళ్లలోకి చూశాడు. సిరిసిల్లలో ఆడవాళ్లకు ఆ భయం కొత్త కాదు, నీకు వివరంగా రాయక్కర్లేదు.

ఆ రోజు నుంచి నేను నిద్రపోలేదు. నాకు గ్యాస్ సిలిండర్ మార్చడం నేర్పాడు. ఫ్యూజు వేయడం నేర్పాడు. ఎందుకయ్యా ఇవన్నీ నాకు అంటే, "నేను లేకున్న నీకు రావాలె గద" అన్నాడు. షుగర్ వచ్చినా ఫర్వాలేదు, రెండు పూటలా అన్నం తిని, ఉప్పు తక్కువైందని నన్ను తిట్టే మనిషి తిరిగొస్తే చాలు అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఎల్లుండి పనికి సెలవు పెట్టి నీ దగ్గరికి వస్తున్నాడు. ఎందుకంటే, "అక్కను ఒక్కపారి సూసొస్త" అన్నాడు. ఆ ఒక్కపారి అన్న మాటే నన్ను వదలడం లేదు. పద్మలత ఫోన్ నుంచి నీకు రెండుసార్లు చేశాను, నువ్వు ఎత్తలేదు. మంచిర్యాలకు బట్ట తీసుకుపోయే ఓంప్రకాశ్ బండిలో ఈ ఉత్తరం పంపుతున్నాను. ఆయన అడిగినా షుగర్ మాట చెప్పకు. ఆయనను గోదావరి వైపు ఒంటరిగా పోనీయకు.

నీ మరదలు
రోజారాణి

తా.క.: మీసాలకు రంగు వేయడం లేదు. గడ్డం కూడా తెల్లగానే ఉంది.


చెన్నూరు,
నవంబర్ 6

నా రోజారాణికి నీ వదిన యాదవ్వ వేయి దీవెనలు.

ముందు ఈ ఒక్క మాట చదువు. వాడు బాగున్నాడు. ఇప్పుడు నిమ్మళంగా కూర్చుని మిగతాది చదువు.

ఓంప్రకాశ్ ఉత్తరం ఈ పొద్దున చేరింది. నీ మొగుడు నిన్ననే చేరాడు. తెలియని నెంబర్లు నేను ఎత్తను, అది నా తప్పు.

నిన్న దీపాలు పెట్టే వేళ నేను కంచం ముందు కూర్చున్నాను. తలుపు తీసే ఉంది. సంచి పట్టుకుని దశరథం గడపలో నిలబడ్డాడు. "అక్కా" అన్నాడు, నా కంచంలోకి చూశాడు, అక్కడే ఆగిపోయాడు. కంచంలో పెసరపిండి సర్వపిండి ఉంది, గుడ్డు వేసిన క్యాబేజీ ఉంది, కందనకాయలు ఉన్నాయి. అన్నం లేదు. సంచి చేతిలో నుంచి జారింది. నా పక్కన కూలబడి మెల్లగా అడిగాడు.

"నీగ్గూడ తారీఖు చెప్పిండ్రా అక్కా?"

ఏ తారీఖు అన్నాను. అంగీ జేబులో నుంచి నాలుగు మడతల కాగితం తీశాడు. మడతల దగ్గర చిరిగిపోయింది. పైన నీ అక్షరాలతో "ఆయనకు ఇష్టమైనవన్నీ". కింద "నవంబర్ 18 వరకు".

ఎలుకా కాదు, పిల్లీ కాదు రోజా. ఉప్పు కోసం వెతుకుతుంటే వాడికే దొరికింది. రక్తం తీసినప్పటి నుంచి నువ్వు చీరల మధ్య ఏదో దాస్తున్నావట, ఉల్లిగడ్డ లేకుండానే కళ్లు తుడుచుకుంటున్నావట. "గసొంటి కాయితం నేనే రాసిన గదనే బాపుకు. పిట్టకు పెట్టెతందుకు. ఆయన సచ్చినంక రాసిన. రోజ ముందుగాలనే రాసుకున్నది, ఏదీ మర్వద్దని" అన్నాడు. నీ మీద కోపం లేదట. జిలేబీ మరిచిపోయిన తనకంటే నువ్వు నయం అనుకున్నాడట. రెండు నెలల నుంచి రోజూ నీ వంట తింటూ, ఒక్కొక్కటి ఆఖరిసారి అనుకుని తిన్నాడు. అందరినీ కడసారి చూడాలని ఊళ్లన్నీ నడిచాడు. బాపు ఫోటో రేషన్ కార్డు మీదిది పెద్దది చేయిస్తే బెదిరిపోయినట్టు వచ్చింది కదా, తనది అలా ఉండొద్దని స్టూడియోకు పోయాడు. ఈ పొద్దున నీ ఉత్తరం చదివి, వంతెన మీద ఎందుకు ఆగావురా అంటే, ఆయాసం వచ్చింది అన్నాడు.

చెప్పకన్న నీ ఉత్తరం చేరకముందే నిన్న చెప్పేశాను. చావు కాదురా, షుగర్ అన్నాను, అది కూడా బార్డరే అన్నాను.

"షుగరేనా?" అన్నాడు. "గంతేనా?"

నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. మనం మూడు నెలలు వణికిపోయి దాచిన మాట వాడికి పండుగలా వినబడింది.

అంతలో నవ్వు ఆపేసి మళ్ళీ నా కంచం వైపు చూశాడు. మరి నీకెందుకు ఈ తిండి అని అడిగాడు. నోటికి గంగుబాయి పేరు వచ్చింది కానీ వాడి ముందు నిలబడలేదు. నాకు షుగర్ వచ్చి పదకొండేళ్లు రోజా. మా ఇంటాయనకు తప్ప ఎవరికీ తెలియదు. బాపు కాలు చూసిన నా తమ్ముడికి ఇంకొక కాలు చూపించొద్దని దాచాను. నీకు రాసినవన్నీ నేను తినేవే. అద్దం నాదే.

వాడు బల్బు కిందికి పీట జరిపి, నన్ను కూర్చోబెట్టి, నా రెండు పాదాలు ఒళ్లో పెట్టుకున్నాడు. ఒక్కొక్క వేలు విడదీసి, దారం తెగిందేమోనని బట్టను చూసినట్టు చూశాడు. "మంచిగున్నయ్ అక్కా. ఏం ఫికర్ లేదు" అన్నాడు. పదకొండేళ్లలో ఆ మాట నాకు ఇంకొకరు చెప్పడం ఇదే మొదలు.

ఈ పొద్దున పరగడుపున నా దగ్గరున్న చిన్న మిషన్‌తో వాడి రక్తం చూశాను. తొంభై ఆరు వచ్చింది. నమ్మక రెండోసారి చూశాను, తొంభై నాలుగు. చావు భయంతో నడిచిన నడకకూ, నీ వంటకూ బార్డర్ వెనక్కి పోయినట్టుంది. పద్దెనిమిదో తారీఖున డాక్టరుకు చూపించండి, ఈసారి ఇద్దరూ పోండి. నడక మాత్రం మాననివ్వకు. వీడ్కోలు చెప్పిన ఇళ్లన్నిటికీ మళ్ళీ పోయి, నేనింకా ఉన్నానని చెప్పి రావాలి కదా.

రేపటి బస్సుకు పంపిస్తాను.

నీ వదిన
యాదవ్వ

తా.క.: గంగుబాయికి ఏ షుగరూ లేదు. నేనూ తమ్ముడూ కలిసి బాపు పేరు మీద గోడ మీద ఒక జిలేబీ పెట్టాం. కాకి వాలే లోపు గంగుబాయి వచ్చి, ఎవరిదో అనుకుని తినేసింది.

తా.క.: ఫోటో నిజంగా బాగుందట. గోడకు పెట్టుకో, దండ వేయకు. జాబితాలో కల్లు ఒక్కటి ఇంకా రాలేదని వాడు నీ మీద ఫిర్యాదు చేశాడు. నిన్నటి నా కందనకాయల్లో ఉప్పు తక్కువైందని కూడా అన్నాడు. నీకు సంతోషమవుతుందని రాస్తున్నాను.

తా.క.: ఈ ఉత్తరం వాడే చదివాడు, తనకంటే ముందు నీకు చేరాలని ఓంప్రకాశ్ తిరుగు బండికి వాడే ఇచ్చొస్తానన్నాడు. ఇక మీదట ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టే మాట్లాడు.